మిరుగం ముందు ఖాళీ అయ్యే గదులు

నేను పట్నంలో ఏం ఉద్యోగం చేసి వచ్చానో మా నారాయణఖేడ్‌లో ఇప్పటికీ చాలామందికి తెలియదు. ఎదురింటి వీరమ్మ అయితే కనబడ్డవాళ్ళకల్లా “మా అనసూయ అనాథ పిల్లల హాస్టల్ల టీచరుండె” అని చెబుతుంది. మొదట్లో సరిచేశాను, తర్వాత విసుగొచ్చి వదిలేశాను. టీచరంటే కాస్త గౌరవం కూడా ఉంది కదా, పోనీలే అనుకున్నాను.

నేను టీచర్ని కాదు. ఇల్లు లేనివాళ్ళు తలదాచుకునే షెల్టర్‌కి వార్డెన్ని. హైదరాబాదులో ఒక ధర్మసంస్థ నడిపిన షెల్టర్లలోనే నా ఉద్యోగమంతా గడిచింది. మొదట ఆడవాళ్ళ షెల్టర్, తర్వాత రిటైరయ్యేదాకా లింగంపల్లి వైపు ఉన్న కుటుంబాల షెల్టర్. సంస్థ పేరు చెప్పను. ఎవరినీ బజారుకీడ్చాలని రాయడం లేదు. ఆ షెల్టర్ లేకపోతే ఆ మనుషులు రోడ్డు మీదే ఉండేవాళ్ళు, అదీ నిజమే.

ఈమధ్య ఈ పనిలో కొత్తగా చేరిన కొందరు పిల్లలు ఫోన్ చేసి, తమ ట్రైనింగ్‌కు వచ్చి నాలుగు మాటలు చెప్పమన్నారు. మైకు ముందు నిలబడితే నాకు వచ్చిన మాటలు కూడా పోతాయి. అందుకని రాస్తున్నాను. రిపోర్టులెట్లా రాయాలో, పైవాళ్ళతో ఎట్లా నెగ్గుకురావాలో మీకు వేరేవాళ్ళు నేర్పుతారు. నేను చెప్పేది గేటు దగ్గర మనం అడిగే ఒక ప్రశ్న గురించీ, దానివల్ల కూలిన ఒక ఇంటి గురించీ.

వార్డెన్ పని

సేవ చేద్దామని వస్తారు మీరు. వచ్చాక తెలుస్తుంది, ఈ పనిలో ముప్పాతిక పంచాయితీ. నల్లా దగ్గర ఎవరి బిందె ముందు, ఫోన్ ఛార్జింగ్ పెట్టుకునే ప్లగ్గు ఎవరిది, ఎవరి పిల్లాడు ఎవరి పిల్లని కొట్టాడు, ఇదీ రోజు. ఒకసారి స్టీలు గిన్నె పోయిందని రెండు కుటుంబాలు మాటలు మానేశాయి. చివరికి ఆ గిన్నె నా టేబుల్ కిందే దొరికింది, షెల్టర్ పిల్లి అందులో పాలు తాగుతోంది. పాలు పోసింది నేనే. ఆ విషయం అప్పుడు ఎవరికీ చెప్పలేదు.

మా షెల్టర్ ఒక పాత గోదాం. ప్లైవుడ్ చెక్కలు అడ్డం పెట్టి గదులు చేశారు. ఒక గదిలో దగ్గితే వరసంతా వినబడేది. అయినా దానికోసం గేటు బయట ఎప్పుడూ ఎవరో ఒకరు మూటాముల్లెతో కూర్చునే ఉండేవారు. చోటు తక్కువ, అడిగేవాళ్ళు ఎక్కువ. ఈ పనిలో ఉన్న అసలు బాధ అదే. కలెక్టరుకైనా పైన ఇంకొకరు ఉంటారు. గేటు దగ్గర నిలబడ్డ తల్లికి మాత్రం వార్డెన్ పైన ఎవరూ ఉండరు. ఆ పెత్తనం మనకు అలవాటైపోతుంది. మొదట గొంతులో తెలుస్తుంది, తర్వాత మనకే తెలియకుండా పోతుంది. కాస్త జాగ్రత్తగా ఉండండి.

ఎంతమంది, ఎందుకు

పట్నంలో ఇల్లు లేనివాళ్ళు ఎంతమంది అని నన్ను అడుగుతారు. నాకు తెలియదు. తెలుసని చెప్పేవాళ్ళను నేను నమ్మను. లెక్కపెట్టేవాళ్ళు ఏదో ఒక రాత్రి జాకెట్లు వేసుకుని వస్తారు, ఫుట్‌పాత్‌ల మీద దుప్పటి కప్పుకుని పడుకున్నవాళ్ళను లెక్కపెట్టుకుని పోతారు. ఆడది ఫుట్‌పాత్ మీద దుప్పటి కప్పుకుని పడుకుంటుందా? పెద్దాసుపత్రి వరండాలో రోగి తాలూకు మనిషిలా కూర్చుంటుంది. బస్టాండులో సంచి ఒళ్ళో పెట్టుకుని, బస్సు కోసం చూస్తున్నట్టు కూర్చుంటుంది. ఆమె లెక్కలోకి రాదు. కడుతున్న అపార్ట్‌మెంటులో నాలుగో అంతస్తులో, ఇంకా కిటికీలు పెట్టని గదిలో వంట చేసుకునే కూలి కుటుంబం కూడా రాదు. వాళ్ళ చిరునామా అయితే గొప్పదే. బిల్డింగు అయిపోయిన రోజు ఆ చిరునామా అయిపోతుంది.

ఇక ఎందుకు అంటే, తాగుబోతులని చాలామంది తేల్చేస్తారు. తాగుడు నేను బాగా చూశాను. చాలామందికి అది ముందు రాలేదు, రోడ్డు మీదికి వచ్చాక వచ్చింది. కూలికి అడ్డా మీద నిలబడ్డవాడికి వారంలో సగం రోజులే పని దొరుకుతుంది. ఆ కూలితో అద్దె గది అడ్వాన్సు పుట్టదు. మేస్త్రీ ఎక్కడ పని అంటే అక్కడికి పోవాలి కాబట్టి ఒకచోట ఉండడానికీ లేదు. ఒక జబ్బు, మొగుడి దెబ్బలు, బస్తీ పడగొట్టడం, మతి చెదరడం, ఇట్లా ఏదో ఒకటి చివరి తోపు తోస్తుంది. అప్పటికే అంచు మీద ఉన్నవాళ్ళు కాబట్టి పడతారు.

పడ్డవాళ్ళను ఊరికి పంపడమే మందు అని మా సంస్థలో చాలాకాలం నమ్మాం. పోచయ్య అని ఒక ముసలాయన ఉండేవాడు. ఆయనకు దండ వేసి, శాలువా కప్పి, ఫొటో దిగి, ఊరి బస్సెక్కించాం. నాలుగు రోజులకే గేటు దగ్గర కూర్చుని బీడీ కాలుస్తూ కనిపించాడు. “ఏం తాతా, మళ్ళొచ్చినవ్?” అన్నాను. “ఫొటో అయిపాయె గదమ్మా, ఇంకేం పని ఆడ?” అన్నాడు. అందరం నవ్వాం. ఊర్లో ఆయనకు పట్నంలో లేనిదేముంది అని మాలో ఒక్కరం కూడా ఆ రోజు అడగలేదు.

మట్టి మిద్దె

కుటుంబాల షెల్టర్‌కు నేను వచ్చేసరికి అక్కడ సగం మంది మా దిక్కువాళ్ళే. ఖేడ్, సిర్గాపూర్, ఇంకా అవతల కన్నడం కలిసిన పల్లెల వాళ్ళు. నేను నోరు విప్పిన మొదటిరోజే “అక్కది మన దిక్కేనే” అని పట్టేశారు. అప్పటినుంచి నా పేరు ఖేడక్క.

వాళ్ళలో మానెమ్మ ఒకతె. సిర్గాపూర్ అవతలి పల్లె. మొగుడు బస్వరాజ్ మేస్త్రీ కింద కూలి. బిడ్డ శిరీష షెల్టర్ పక్కనున్న సర్కారు బడిలో చదివేది. ఆ బడి కోసమే మానెమ్మ ఆ ప్లైవుడ్ గదిని పట్టుకుని ఉంది. అంతకుముందు సైటు మారినప్పుడల్లా పిల్ల బడి మారి, ఏ బడిలోనూ అక్షరం ముక్క నిలవలేదు. ఇక్కడికి వచ్చాకే పిల్ల చదవడం మొదలుపెట్టింది. బోర్డులన్నీ గట్టిగా చదివి మా ప్రాణం తీసేది.

మానెమ్మ మాట కటువు, మనసు మెత్తన. పాతకాలపు పట్టింపులు చాలా ఉండేవి. వంటింట్లో ఎవరైనా “బియ్యం లేవు” అంటే ఊరుకునేది కాదు. “లేవు అనద్దే, నిండుకున్నయి అను. లేదంటే లేకుంటనే పోతది” అని గదమాయించేది. డబ్బా అడుగున గింజ లేనప్పుడు కూడా ఆ మాటే. “నిండుకుంటే వండవే మరి” అని నేను ఏడిపించేదాన్ని.

మా దిక్కు పల్లెల్లో ఇంకా మట్టి మిద్దెలు ఉన్నాయి. దూలాలు, వాసాలు, వాటి మీద పుల్లలు, ఆపైన మట్టి, అన్నింటికంటే పైన చవుడు. చవుడంటే తెల్లగా, ఉప్పు తేలినట్టుండే మట్టి. తడిస్తే జిడ్డుగా కరుచుకుని నీళ్ళను కిందికి దిగనివ్వదు. కానీ ఒకసారి పోస్తే అయిపోయేది కాదు. ఏటా మృగశిర కార్తె, మా భాషలో మిరుగం, వచ్చేలోపు మిద్దె ఎక్కి గడ్డి పీకి, ఎలుక బొక్కలు పూడ్చి, కొత్త చవుడు పోసి గట్టిగా కొట్టాలి. అది ఒక్కడి పని కాదు. ఒకరు తవ్వాలి, ఒకరు మోయాలి, ఒకరు పైన నిలబడి అందుకోవాలి. అందుకే వాడకట్టంతా, అంటే ఆ వీధివాళ్ళంతా, బదులు చేసుకునేది, ఈరోజు మీ మిద్దె, రేపు మా మిద్దె అని. ఒక ఏడు పోయకపోతే అర్రలు, అంటే గదులు, కురుస్తాయి. రెండేళ్ళు పోయకపోతే వాసాలు మురిగి మిద్దె కూర్చుంటుంది. ఇల్లు కట్టి చూడు అన్నారు పెద్దలు. మా దిక్కు కట్టడం ఒక ఎత్తు, ఏటా దాన్ని నిలబెట్టుకోవడం ఇంకో ఎత్తు.

అందుకని ప్రతి ఏడూ మిరుగం ముందు మా షెల్టర్‌లో సగం గదులు ఖాళీ అయ్యేవి. మూటలు లోపలే వదిలి, పిల్లల్ని తీసుకుని ఊర్లకు పోయేవాళ్ళు. మిద్దెకు చవుడు పోసుకుని, వాన పడేలోపు తిరిగి వచ్చేవాళ్ళు. నాకు అది వింతగా అనిపించలేదు. మా అమ్మ కూడా పోసింది.

ప్రసాద్ సార్

మా పైఅధికారి ప్రసాద్ గారు గోదావరి వైపు మనిషి. చెడ్డవాడని నేనెప్పుడూ అనను. వచ్చినప్పుడల్లా మా వంటింట్లోనే తినేవాడు, పిల్లల పేర్లు గుర్తుపెట్టుకునేవాడు. దోమతెరలు కావాలని నేను అరిస్తే తన తిప్పలేవో తాను పడి తెప్పించాడు. అలాంటి మనిషి ఒకసారి సరిగ్గా మిరుగం ముందు వచ్చాడు.

“ఏంటండీ అనసూయ గారూ, సగం గదులు ఖాళీగా ఉన్నాయి? బయటేమో రెండు కుటుంబాలు కూర్చుని ఉన్నాయి. వీళ్ళంతా ఎటు పోయారు?” అన్నాడు.

నావాళ్ళను పనీపాటా లేని తిరుగుబోతులనుకుంటున్నాడని నాకు రోషం వచ్చింది. కుర్చీ వేసి కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. సుద్దముక్కతో నేల మీద మిద్దె బొమ్మ గీశాను. చవుడు గురించీ, బదుళ్ళ గురించీ చెబుతుంటే నాకే ఉత్సాహం వచ్చింది. ఆయన కూడా మనసుపెట్టి విన్నాడు.

“మట్టి కొట్టుకుపోదా అండీ?”

“పోదు సార్, ఏటా పోస్తరు గదా.”

“అంటే వీళ్ళందరికీ ఊళ్ళో సొంత ఇళ్ళున్నాయన్నమాట” అన్నాడు.

ఆ మాటలో ఏముందో నాకు అప్పుడు తట్టలేదు. ఉన్నాయి సార్ అన్నాను, గర్వంగానే. మావాళ్ళు బిచ్చగాళ్ళు కారు, ఇల్లూ వాకిలీ ఉన్నవాళ్ళు అని చెప్పుకున్నట్టు అనిపించింది.

వారం తిరక్కుండా మాట వచ్చింది. ఊర్లో సొంత ఇల్లున్నవాళ్ళకు ఇక గది ఇవ్వకూడదు. ఉన్న కొద్దిపాటి చోటు నిజంగా ఏమీ లేనివాళ్ళకే దక్కాలి. తిరిగి వచ్చిన ప్రతి కుటుంబాన్నీ అడిగి తేల్చాలి.

నేను ఫోన్ చేసి పోట్లాడాను. “సార్, గా ఇల్లు ఆడున్నది, పని ఈడున్నది. ఇంటిని నెత్తిమీద పెట్టుకోని వస్తరా?” అన్నాను. కోపం వస్తే నాకు మా భాషే వస్తుంది. ఆయన కోప్పడలేదు. “మీ బాధ నాకర్థమైందండీ. గేటు బయట కూర్చున్నావిడకు ఊళ్ళో కూడా ఏమీ లేదు. ఆవిడకేం చెబుతారు?” అన్నాడు. సరే సార్ అని ఫోన్ పెట్టేశాను. ఇప్పుడైతే నా దగ్గర జవాబుంది. చోటు చాలకపోతే చోటు పెంచమని అడగాలి, మనుషుల్ని తగ్గించే ఉపాయం వెతకకూడదు. కానీ ఆ జవాబు తోచడానికి నాకు చాలాకాలం పట్టింది.

అడిగిన ప్రశ్న

ఊర్ల నుంచి తిరిగి వచ్చిన కుటుంబాలను ఒక్కొక్కరినీ పిలిచి అడిగాను. ఊర్లె ఇల్లున్నదా?

మొదట వచ్చినవాళ్ళు మామూలుగా ఉందన్నారు. అబద్ధం చెప్పాలని వాళ్ళకెందుకు తోస్తుంది? ఇల్లుండడం తప్పవుతుందని ఎవరనుకుంటారు? వాళ్ళు సామాన్లు సర్దుకున్నారు. ఒక కుటుంబం ఫ్లైఓవర్ కిందికి పోయింది. నేను ఆ దారినే కూరగాయలకు పోయేదాన్ని, తర్వాత దారి మార్చుకున్నాను.

మధ్యాహ్నానికి కబురు వరసంతా పాకింది. ఆ తర్వాత వచ్చినవాళ్ళెవరికీ ఇల్లు లేదు.

మానెమ్మ వంతు వచ్చింది. అంతకుముందు రోజే ఊరి నుంచి దిగింది. శిరీష వెనకాల నిలబడి నా గోడ మీది క్యాలెండర్ చదువుతోంది.

“మానెమ్మా, ఊర్లె ఇల్లున్నదా?”

ఆమె చేతులు కొంగులో దాచుకుంది. అప్పటికే చూశాను, గోళ్ళ సందుల్లో చవుడు ఇంకా తెల్లగా ఉంది.

“లే...” అని ఆగింది. బియ్యం లేవనడానికి ఒప్పుకోని మనిషి. బిడ్డ వైపు చూసింది. “లేదక్కా. ఎన్నడో వడ్డది.”

“సరే, పో” అన్నాను.

నాకు తెలుసని ఆమెకు తెలుసు. ఆ మాట మేమిద్దరం మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. నిజం చెప్పినవాళ్ళు రోడ్డు మీదికి, అబద్ధం చెప్పినవాళ్ళు గదిలోకి. ఒక్క మధ్యాహ్నంలో అట్లా జరిగిపోయింది.

మబ్బు ఎటు పోతున్నది

మరుసటి ఏడు మిరుగం ముందు ఒక్క గదీ ఖాళీ కాలేదు. ఎవరైనా ఊరికి పోతే ఇల్లున్నట్టే కదా. ప్రసాద్ సార్ వచ్చి చూసి సంతోషించాడు. “చూశారా, ఇప్పుడు అసలైనవాళ్ళే ఉన్నారు” అన్నాడు.

“మనుషులు వాళ్ళే సార్. జవాబు మారింది” అన్నాను.

“అంటే? ఎవరైనా అబద్ధం చెప్పారని మీ అనుమానమా?”

అవునంటే గదులు పోతాయి. కాదంటే మిద్దెలు పోతాయి. “ఏం లేదు సార్” అన్నాను. ఎన్ని రకాలుగా ఆలోచించుకున్నా, ఆ క్షణంలో ఇంకేమనాలో ఈరోజుకీ నాకు తోచదు.

మానెమ్మ ఆ రోజుల్లో వెనక వాకిట్లో బట్టలు ఆరేస్తూ ఆకాశం చూసేది. “అక్కా, గా మబ్బు మన దిక్కే పోతున్నది” అనేది. “పోనీతీ, ఈడ పడితే బట్టలు తడుస్తయి” అని నేను మాట మార్చేదాన్ని. ఒకసారి ఉండబట్టలేక, “పోయిరావే, నేనెవ్వరికి చెప్పను” అన్నాను. “నువ్వు చెప్పవు. పక్క గదోళ్ళు చెప్తరు. బయట వాళ్ళ మరదలు గది కోసం కూసున్నది” అంది. చోటు చాలని చోట మనుషులు ఒకరి మీద ఒకరు కాపలా కాస్తారు. దానికి వాళ్ళను తప్పుపట్టలేను.

చివరికి బస్వరాజ్ ఒక్కడే దూరంగా సైటులో పని ఉందని చెప్పి పోయాడు. రెండు రోజుల్లో తిరిగి వచ్చాడు, భుజాలు ఒరుసుకుపోయి.

“అయిందా?” అన్నాను మెల్లగా.

“ఒక అర్ర మీద పోసిన అక్కా. ఇంకో అర్రకు నాతోని కాలె. వాడకట్టుల పట్టుకునేటందుకు మనిషి లేడు, అందరు ఈడనే ఉన్నరాయె” అన్నాడు.

అందరూ ఇక్కడే ఉన్నారు. ఆ వాడకట్టులో సగం మా గోదాంలోనే, ప్లైవుడ్ చెక్కకు అటూ ఇటూ కూర్చుని, ఇల్లు లేదని చెప్పుకుంటున్నారు. బదులు చేయవలసినవాళ్ళను ఒకచోట చేర్చింది మేమే, పోకుండా ఆపిందీ మేమే. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటారే, సరిగ్గా అట్లా ఉంది మా ధర్మం.

ఆ తర్వాతి ఏడు మేస్త్రీ సెలవివ్వలేదు. బస్వరాజ్ పోనేలేదు.

ఆ చలికాలమే గోదాం లీజు అయిపోయింది. యజమాని దాన్ని పడగొట్టి కార్ల షోరూం కడతానన్నాడు. కుటుంబాలన్నీ ఖాళీ చేయాల్సి వచ్చింది. ఏడ్చినవాళ్ళు ఏడ్చారు. మానెమ్మ మాత్రం గిన్నెలు గోనెసంచిలో సర్దుకుంటూ నవ్వుముఖంతో “మేం ఊరికి పోతమక్కా” అంది. ఒక గది కురిసినా ఇంకోటి ఉంటుంది కదా, ఈమెకైనా పోవడానికి ఇల్లుందని నాకు పెద్ద ఊరట. చివర్లో శిరీష జడలో నా క్లిప్పు పెట్టి, చెయ్యూపి పంపాను. ఆమె ఇల్లు లేదన్న రోజు నోరు మూసుకుని మంచిపనే చేశానని నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

ఏం కావాలంటే

మీరు చిన్నవాళ్ళు, ఇంకా మార్చగలరు కాబట్టి నాకు తోచింది చెబుతాను. ఇల్లున్నదా అని అడగకండి. ఎప్పుడెప్పుడు ఊరికి పోవాలి, ఏం పని మీద పోవాలి, ఎన్నాళ్ళు పడుతుంది, ఇవి అడగండి. పోయినవాళ్ళ గది పోయినవాళ్ళ పేరు మీదే ఉంచండి. ఆ నాలుగు రోజులు గేటు బయటివాళ్ళను పడుకోబెట్టవచ్చు, మళ్ళీ లేవమని చెప్పవచ్చు, మనుషులు అర్థం చేసుకుంటారు. మనమే చేసుకోం.

పట్నంలో షెల్టర్ ఎంత అవసరమో ఊర్లో మిద్దె నిలవడం అంతే అవసరం. మిరుగానికి ముందు ఊరికొక నలుగురు మనుషులకు కూలి ఇచ్చి, పట్నం పోయినవాళ్ళ మిద్దెలకు చవుడు పోయిస్తే, ఎన్ని కుటుంబాలు ఎప్పటికీ మన గేటు దగ్గరికి రాకుండా ఉండేవో. ఈ మాట నేను ఒక మీటింగులో అంటే పక్కనున్నాయన “మట్టి పని మన పరిధిలోకి రాదు మేడం” అన్నాడు. మట్టే మన పరిధి అని అప్పుడే అనాల్సింది. ఇంటికొచ్చాక తోచింది.

ఇంకా చాలా కావాలి. తక్కువ అద్దె గదులు కావాలి, అడ్వాన్సు లేకుండా. సైటు కట్టేవాడే కూలీలకు తాళం పడే గది చూపించాలి. సామాన్లు పెట్టుకునే చోటు, పగలు కూర్చునే చోటు, ఆడవాళ్ళకు వేరే చోటు, మతి చెదిరినవాళ్ళకు డాక్టరు. రోడ్డు మీద మనిషికి ముందు అన్నం పొట్లం ఇస్తాం, ఎందుకంటే అది తేలిక. అన్నం వద్దని కాదు. కానీ అన్నం పెట్టి వచ్చామని ఆ రాత్రి హాయిగా నిద్రపోకండి.

ఖేడ్ బస్టాండు

ఈ ఏడు వానలు మొదలయ్యాక ఒక పొద్దున బోరంచ నల్లపోచమ్మ గుడికి పోదామని బస్టాండుకు వెళ్ళాను. పట్నం బస్సు ఆగే చోట మానెమ్మ గోనెసంచి మీద కూర్చుని ఉంది. నేనే గుర్తుపట్టాను.

“ఖేడక్కా!” అని లేచి నా రెండు చేతులూ పట్టుకుంది.

టీ తాగించాను. శిరీషకు గురుకులంలో సీటు వచ్చిందట, బాగా చదువుతోందట. బస్వరాజ్ పటాన్‌చెరు దగ్గర సైటులో పనిచేస్తూ అక్కడే పడుకుంటున్నాడట. ఈమె ఇన్నాళ్ళూ ఊర్లో చుట్టాల వరండాలో ఉండి, ఇక వాళ్ళకు బరువు కాలేక మొగుడి దగ్గరికి పోతోంది.

“వరండాల ఎందుకే? మీ మిద్దె?” అన్నాను.

“వడ్డదక్కా.”

“ఎప్పుడు?”

“మనం గోదాంల ఉన్నప్పుడే. ఆఖరి వానకాలం. ముందుగాల పొయ్యని అర్ర కూసున్నది, దాని ఎనకనే గోడ.”

నాకు లెక్క అందడానికి కాస్త సమయం పట్టింది. అంటే, నేను ఊరటపడి చెయ్యూపి పంపిన రోజుకే ఆమెకు పోవడానికి ఇల్లు లేదు. అది తెలిసే నవ్వుముఖంతో గిన్నెలు సర్దుకుంది.

“నాకెందుకు చెప్పలేదే?”

“నువ్వు గంత సంబురంగ పంపుతుంటివి. ఏం జెప్పాలె?”

ఊరి పంచాయతీలో సర్కారు ఇచ్చే కొత్త ఇంటి కోసం అడిగితే, ఎన్నాళ్ళనుంచో ఇక్కడ ఉండటం లేదు, ఇక్కడ మీకు ఇల్లు కూడా లేదు, ఈ ఊరివాళ్ళని ఎట్లా రాయాలి అన్నారట. ఊర్లో ఇల్లుంటే పొమ్మని పట్నంలో మేమన్నాం, ఇల్లు లేదు పొమ్మని ఊర్లో వాళ్ళన్నారు. నేను ఎవరెవరినో తిట్టడం మొదలుపెట్టాను. ఆమె నా చెయ్యి పట్టి ఆపింది.

“తప్పు నాదే అక్కా” అంది.

“నీదేం తప్పే?”

“బియ్యమొడిస్తే గూడ లేవనం మనం. నిండుకున్నయంటం. గప్పుడు నువ్వడిగితే, నిలబడ్డ ఇంటిని లేదన్న. చవుడు వోసి ఒక్క దినం గాలే, వడ్డదన్న. ఇల్లు విన్నది. అందుకే వడ్డది.”

“కాదే పిచ్చిదానా, మిద్దెకు చవుడు పోయకపోతే నీళ్ళు దిగినయి, వాసాలు మురిగినయి. నీ మాటకు పడలేదు. నిన్ను పోకుంట జేసింది మేము” అన్నాను. ఏడుపు వచ్చేసింది, బస్టాండులో అందరూ చూస్తున్నా ఆపుకోలేకపోయాను.

ఆమె నన్ను ఓదార్చింది. “నువ్వు మంచిగనే చూసుకున్నవక్కా, అబద్ధమని తెలిసి గూడ ఉండనిచ్చినవ్” అంది. నేను ఎన్నిసార్లు చెప్పినా తల అడ్డంగానే ఊపింది. ఇంతలో పట్నం బస్సు వచ్చింది. సంచి నేనే ఎత్తి ఇచ్చాను. కిటికీ దగ్గర సీటు దొరికింది, అక్కణ్ణుంచి కొంగుతో ముఖం తుడుచుకోమని నాకు సైగ చేసింది.

బస్సు కదిలింది. ప్రశ్న అడిగినవాళ్ళం మేము. మాకు కావలసిన జవాబు చెప్పినందుకు ఇల్లు కూలిందని, తన నోటిని తానే తిట్టుకుంటూ ఆమె మళ్ళీ పట్నం పోయింది.